ముక్కు

పర్లాకిమిడి కొమ్ముల వీధిలో
పొద్దున్న ఏడింటికి మిషను లేపుతాను.
రాత్రి కరెంటు తీసేస్తే చాలు
దానికి మనిషీ గుర్తుండడు, మాటా గుర్తుండదు.
రోజూ మొదటినుంచి చెప్పుకురావాలి:
ఇది నీ కదలిక, ఇవి నీ మూడు మోటార్లు,
ఇదిగో ఆపే ఎర్ర బటను.
ఒక్కొక్కరే లోపలికొచ్చి హాజరు పలుకుతారు.
అందరూ వచ్చాకే తీగలు కట్టడం.
ఇంకా పుట్టని పిన్నుకి తీగ కట్టబోతే
నల్ల తెర మీద ఒకటే మాట,
అలాంటిది లేదు.

ఆఖరున వచ్చేది నేను రాసిన పైథాన్ స్క్రిప్టు.
నలభై మూడు లైన్లు. పేరు ముక్కు.

గేదె కొమ్ము కలప కాదు మరి.
కత్తి వేడెక్కితే లోపల్నుంచి మాడుతుంది,
పైకి మాత్రం నలుపు నలుపుగానే ఉంటుంది.
పాలిష్‌కి వెళ్ళాక
కొంగ మెడ దగ్గర పుటుక్కుమంటుంది.
కైలాసు మహారణా చేత్తో చెక్కే రోజుల్లో
వాసన మారగానే ఆకురాయి ఎత్తేసేవాడు.
మిషనుకి వాసన రాదు.
అందుకని కత్తి పక్కన ఓ సెన్సరు,
అది చెప్పే వేడిని చదివి
మోటారు దూకుడు తగ్గించడానికి
నా ముక్కు.

మంగళవారం అది లోడవలేదు.
తప్పుందని కూడా అనలేదు.
కర్సరు ఆరుతూ వెలుగుతూ కూచుంది.
ముక్కు సిద్ధం అనాలి, అంటేనే తర్వాతి లైను.
ఫైలుకి నడిచే అనుమతి ఉందా? ఉంది.
పేరు రెండుచోట్లా ఒకటేనా? ఒకటే.
ఎక్కడైనా టాబ్ దూరిందా? లేదు.
గుణుపూరు పాసింజరు కూతేసి పోయింది.
బరంపురం షాపుకి శనివారానికి అరవై కొంగలు.
"హెలా కి?" అన్నాడు మహారణా, మూడోసారి.
కాలేదు బాబూ.

కొమ్ములు కాచే కుంపటి దగ్గర్నుంచి
దండాసి లేచొచ్చాడు.
"ఏటైంది దీనికి, అలిగిందేటి?"
వేళ్ళ మధ్య బీడీ.
కత్తి మొనని చూద్దామని ఒంగాడు,
నిప్పు కొస సరిగ్గా సెన్సరు ముందుకొచ్చింది.

తెర కదిలింది.
ముక్కు సిద్ధం.
తీగలన్నీ గబగబా కట్టుకున్నాయి,
మోటార్లు ఒక్కసారి మూలిగి బిగుసుకున్నాయి.
దండాసి బీడీని వీపు వెనక దాచుకున్నాడు
ఏదో పాడుచేసినవాడిలా.

అప్పుడు తెలిసింది.
నిన్న రాత్రి నిద్రకళ్ళతో ఒక షరతు చేర్చాను,
వేడి ముప్పై ఎనిమిది దాటితే, అని.
దాని కిందున్న సిద్ధం లైను
నాలుగు ఖాళీలు కుడికి జరిగి
షరతు కడుపులో దూరింది.
వేడి తగిలితే గానీ ముక్కు సిద్ధమనదు,
ముక్కు సిద్ధమంటే గానీ కత్తి తిరగదు,
కత్తి తిరక్కుండా వేడెక్కడిది?
పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదన్న సామెత
నా ఫైల్లో కాపురం పెట్టింది.

"నాలుగు ఖాళీలకా ఇంత?" అన్నాడు దండాసి.
"ఏటీ లేనిదానికా?"
మహారణా నవ్వలేదు.
బుట్టలోంచి ఒక కొమ్ము తీసి నా చేతిలో పెట్టాడు.
"దీన్లో బోలు ఎక్కడ దాకా ఉందో
పైనుంచి చెప్పు, చూద్దాం."
చెప్పలేకపోయాను.
బొటనవేలితో ఒక చోట నొక్కాడు.
కోసి చూస్తే అక్కడికే ఆగింది.

లైనుని ఎడమకి లాగాను.
మొదటి కొంగ మొదలైంది, ముక్కు రాలుతోంది పొడి పొడిగా,
తెర మీద నలభై ఆరు, నలభై తొమ్మిది.
యాభై ఎనిమిది దగ్గర నెమ్మదించమని రాశాను,
ఎక్కడో చదివిన లెక్క.
గుమ్మంలో అటు తిరిగి టీ తాగుతున్న మహారణా
గ్లాసు దించకుండానే అన్నాడు,
"తగ్గించు."
తెర వైపు చూశాను. యాభై రెండు.

ఎర్ర బటను నొక్కాను.
యాభై ఎనిమిది చెరిపి యాభై రెండు రాశాను.
మళ్ళీ మొదటినుంచి అందర్నీ పిలవాలి,
కదలిక, మోటార్లు, బటను,
ఆఖరున ముక్కు.
దండాసీ, నువ్వు దూరంగా కూచో,
ఈసారి బీడీ లేకుండా చూద్దాం.